డిలే పెడళ్ళ కౌన్సెలింగ్

పరాంకుశం గారు రాష్ట్ర సంచార సంగీత మండలికి కార్యదర్శిగా వచ్చిన మూడో వారంలో, మండలిలోని నలుగురు గిటారిస్టులకూ ర్యాంకులు వచ్చాయి. పరీక్ష మాత్రం ఎవరూ రాయలేదు.

బాపట్ల యూనిట్ గిటారిస్టు తలారి జెకర్యాకు మూడో ర్యాంకు. ఫోనుకు మెసేజీ వచ్చేసరికి ఆయన పెరట్లో కూర్చుని చేపలు తోముతున్నాడు. వేళ్ళకు పొలుసులు అంటుకుని ఉంటే మోచేత్తో ఫోను తిప్పుకుని చదివాడు.

"సలోమీ, నాకు మూడో ర్యాంకంట."

"దేంట్లో?" అంది భార్య లోపల్నుంచి.

"అది రాయలా."

"ఎంతమందిలో?"

"నలుగురిలో."

"పోన్లే, ఆఖరు కాదుగా" అని సలోమి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మండలి పని ఊరూరా తిరిగి పాటలతో జనాన్ని బాగుచెయ్యడం. నాలుగు యూనిట్లు, నాలుగు వ్యాన్లు, యూనిట్‌కొక గిటారిస్టు. దోమల మీద పాట, మరుగుదొడ్ల మీద పాట, టీకాల మీద పాట. పదహారేళ్ళుగా జెకర్యా ఆ పాటల వెనక నిలబడి మూడు కార్డులు, అంటే మూడు స్వరాల గుత్తులు, వాయిస్తున్నాడు. దోమల పాటకైతే రెండే. ఇన్నేళ్ళకు మండలి రజతోత్సవం వచ్చింది. విజయవాడలో పెద్ద సభ. పాత కార్యదర్శి గారు రిటైరై వెళ్ళిపోతూ, ఇక తననెవరు అడుగుతారులే అనుకున్నారో ఏమో, కార్యక్రమ పట్టికలో 'డిలే గిటార్ – టి. జెకర్యా – నాలుగు నిమిషాలు' అని ఒక వరస రాయించి మరీ పోయారు.

ఆ నాలుగు నిమిషాలకు సరిపడా బాణీ ఒకటి జెకర్యా దగ్గర పదకొండేళ్ళుగా దాచిపెట్టి ఉంది. దాని పేరు 'అవతలి గట్టు'. కాలవకు ఇవతల నిలబడి ఒకరు పిలుస్తారు. ఆ పిలుపే కాస్త ఆగి, కాస్త నలిగి, అవతలి గట్టు నుంచి వెనక్కొస్తుంది. పిలిచేది గిటారు. పలికేది పెడల్.

పెడల్ అంటే అరచేతిలో పట్టే రేకు డబ్బా. గిటారుకూ స్పీకరుకూ మధ్య నేల మీద పెట్టి కాలితో నొక్కితే, మనం వాయించిన ముక్కనే కాస్త ఆగి మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు పలకాలి, ఎంత గట్టిగా పలకాలి, వీటికి మూడు నాబులు. దాన్ని డిలే అంటారు. ఇంతే సంగతి. కానీ నలుగురు గిటారిస్టులు ఒకచోట కూర్చుంటే ఆ మూడు నాబుల చుట్టూ నాలుగు మతాలు పుడతాయి.

నంద్యాల యూనిట్ నాగభూషణం అందరికంటే పెద్దాయన. ఆయన లెక్కలో డిలే ఒక్కసారే పలకాలి. "మర్యాదస్తుడు ఒక మాట ఒకసారే చెప్తాడప్పా. ఏడుసార్లు చెప్పేది మందు తాగినోడు" అనేవాడు. నెల్లూరు మస్తాన్ వలీకి జిరాక్సు కాపీలా పలకాలి, మొదటిదీ పదోదీ ఒక్కలాగే తళతళలాడాలి. టెక్కలి కూర్మారావుకు పలుకు దరువు మీద పడకూడదు, దరువుకూ దరువుకూ మధ్య సందులో పడాలి. జెకర్యాకు మాత్రం పలికినకొద్దీ అరగాలి. రెండోది మసగ్గా, మూడోది ఇంకా మసగ్గా, నాలుగోది వచ్చిందో రాలేదో తెలియకుండా. అలా పలికే పసుప్పచ్చ డబ్బా ఒకటి చీరాల చర్చి పాటల గుంపులో వాయించే ఒకాయన దగ్గర ఎప్పుడో తీసుకున్నాడు. రంగంతా గీచుకుపోయింది, ఒక నాబు ఊడిపోతే సలోమి టూత్‌పేస్టు మూత బిగించి ఇచ్చింది. 'అవతలి గట్టు' ఆ డబ్బాలో పుట్టిన బాణీ. ఇంకో డబ్బాలో దానికి ఊపిరాడదు.

ర్యాంకులు రావడానికి ముందు కొత్త పెడళ్ళు నాలుగు, నాలుగు రకాలు, స్టోర్సుకు వచ్చాయి. స్టోర్సు సూపరింటెండెంటు వసుంధర గారు ఫైలు పట్టుకుని కార్యదర్శి గదిలోకి వెళ్ళింది.

"నలుగురే కదా సార్. ఫోన్ చేసి ఎవరికి ఏది నచ్చుతుందో కనుక్కుని పంపించేస్తాను. పావుగంట పని."

పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. "పావుగంటలో తేలే పనిలో పారదర్శకత ఎక్కడుంటుందమ్మా?"

ఆయన ఇక్కడికి రాకముందు పన్నెండేళ్ళు కాలేజీ సీట్ల కౌన్సెలింగ్ నడిపారు. లక్షలాది పిల్లల్ని సీట్లలో కూర్చోబెట్టిన చెయ్యి అది. అలవాటు కొద్దీ లోకమంతా ఆయనకు సీట్లుగానూ అభ్యర్థులుగానూ కనిపించేది. ఇంట్లో కూర కూడా మూడు ఆప్షన్లు పెట్టించి రెండో విడతలోనే కేటాయిస్తారని ఆయన డ్రైవరు చెప్పుకునేవాడు.

"సంగీతజ్ఞుల అభిరుచి అన్నది అత్యంత సున్నితమైన విషయం" అన్నారు పరాంకుశం గారు. "దానిని శాస్త్రీయ ప్రాతిపదికన, ప్రతిభా క్రమంలో, అభ్యర్థి ప్రాధాన్యానుసారం పరిష్కరించాలి. వెబ్ ఆప్షన్లు పెట్టిద్దాం."

"ర్యాంకులెలా సార్? పరీక్ష లేదుగా?"

"పుట్టిన తేదీని ఉద్యోగంలో చేరిన తేదీతో గుణించండి."

కౌన్సెలింగ్ సాఫ్ట్‌వేరు ఆయన పాత ఆఫీసు నుంచి అరువు తెచ్చారు. దాంట్లో సీటు ఎక్కించాలంటే అది ఏ ఊళ్ళో ఉందో రాయాలి, లేకపోతే పేజీ ముందుకు జరగదు. నాలుగు డబ్బాలూ విజయవాడ స్టోర్సులో ఒకే బల్ల మీద ఉన్నాయి. ఒకే ఊరు నాలుగుసార్లు కొడితే సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు. అందుకని నాలుగు గళ్ళలో నాలుగు యూనిట్ల పేర్లూ కొట్టారు. రాతకూ వాస్తవానికీ తేడా ఉండకూడదు కదా, డబ్బాల్ని కూడా ఆ నాలుగు ఊళ్ళకూ పంపించేశారు.

మూడు రోజుల పాటు పోర్టల్ తెరిచి ఉంటుందన్నారు. సలోమీ, జెకర్యా ఫోను ముందు పెట్టుకుని మంచం మీద కూర్చున్నారు.

"మాధ్యమం అంటన్నాడు. తెలుగా, ఇంగ్లీషా?"

"ఆ పసుప్పచ్చ డబ్బా ఏ భాషలో పలికింది ఇన్నాళ్ళూ? తెలుగే కొట్టు."

"హాస్టలు కావాల్నా అంటన్నాడు."

"ఎవరికి? నీకా, పెడల్‌కా?"

"అది రాయలా."

"వద్దని కొట్టు. ఎవరికైనా ఇంటి తిండే మంచిది."

నాలుగు పెడళ్ళ వివరాలూ చదివాడు జెకర్యా. మూడో దాంట్లో, పలికినకొద్దీ అరిగే రకం అని ఉంది. దాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టాడు. దాని పక్కన 'టెక్కలి' అని ఉంటే, "అబ్బో, పెడళ్ళు టెక్కలిలో కూడా తయారుచేస్తన్నారు చూడు" అని సంతోషించాడు.

కేటాయింపులు వచ్చిన రోజు పరాంకుశం గారు పత్రికా ప్రకటన విడుదల చేశారు. 'మండలి చరిత్రలో ప్రప్రథమంగా నూటికి నూరు శాతం అభ్యర్థులకు ప్రథమ ప్రాధాన్యం లభించినది.' అది నిజమే. నంద్యాల నాగభూషణం కోరుకున్నది బాపట్లలో దొరికింది. నెల్లూరు వలీ కోరుకున్నది నంద్యాలలో. టెక్కలి కూర్మారావుది నెల్లూరులో. బాపట్ల జెకర్యాది టెక్కలిలో. శనివారం సాయంత్రం ఐదులోగా ఒరిజినల్స్‌తో సహా సీటు దగ్గర రిపోర్టు చెయ్యాలి, చెయ్యకపోతే సీటు రద్దు. రద్దయిన వాళ్ళు వేదిక మీద డిలే వాడరాదు.

"ఒరిజినల్స్ అంటే ఏందండీ? సర్టిఫికెట్లా?" అని వసుంధర గారికి ఫోన్ చేసి అడిగాడు జెకర్యా.

ఆవిడ "మీ దగ్గర ఇంతకు ముందు నుంచీ ఉన్న పెడలండీ. ఒక మనిషికి ఒకటే సీటని ఏడో నిబంధన. పాతది అక్కడ డిపాజిట్ చెయ్యాలి" అంది. "నేను రాసింది కాదండీ బాబూ, నేను టైపు చేశానంతే."

జెకర్యా పసుప్పచ్చ డబ్బాను సంచిలో పెట్టుకుని రైలెక్కి టెక్కలి పోయాడు. యూనిట్ ఆఫీసులో ఇనప బీరువా, బీరువాకు తాళం, తాళానికి సీలు, సీలు మీద ఇన్‌చార్జి సంతకం. ఇన్‌చార్జి మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. పాత పెడల్ తీసుకుని టూత్‌పేస్టు మూతను పట్టి పట్టి చూసి, 'ఒక మూత, తెలుపు' అని కూడా రసీదులో రాసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"మరి నా కొత్తదండీ?"

"మీదేనండి. అదిగో, లోపలుంది."

"ఇవ్వండి మరి, తీసకపోతా."

ఇన్‌చార్జి నొచ్చుకున్నాడు. "సీటు కాలేజీ దాటి బయటికి రావడం ఎక్కడైనా చూశారా అండి?"

"నేను వాయించేది బాపట్లలోనండీ!"

"వాయించండి. ఎవరొద్దన్నారు? సీటు మీ పేరు మీదే ఉంటాది."

గుమ్మం దగ్గర కూర్మారావు సంచి సర్దుకుంటూ కనిపించాడు. నెల్లూరు బండికి పోతున్నాడు. "ఏటి బావూ, నువ్విక్కడికొచ్చీసినావు, నానక్కడికెల్తన్నాను. మనం మనుసులమా, పోస్టు కవర్లమా?" అన్నాడు.

"నీ పాతది ఏది?"

"ఇదిగో, సంచిలో. నెల్లూర్లో అప్పగించీమన్నారు. పాణం అప్పగించీమన్నట్టుంది." కూర్మారావు గొంతు తగ్గించాడు. "నీ పాట ఏటవుతాది మరి? జూబిలీ పది రోజులే కదేటి?"

జెకర్యా బీరువా వైపు చూస్తున్నాడు. లోపల ఆయన పెడళ్ళు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆయనకు ఒక్కటీ లేదు.

తిరుగు ప్రయాణంలో నేరుగా విజయవాడ దిగి కార్యదర్శి గదికి వెళ్ళాడు. పరాంకుశం గారు లేచి చెయ్యి కలిపారు. "అభినందనలు! ప్రథమ ప్రాధాన్యం!"

"సార్, నాకా ప్రాధాన్యం వద్దు. నా పాత డబ్బా నాకిప్పించండి. జూబిలీలో నా పాటుంది."

"ఒరిజినల్స్ వాపసు కావాలంటే సీటు వదులుకోవాలి. సీటు వదులుకుంటే డిలే వాడే అర్హత పోతుంది."

"పోనీ కూర్మారావూ నేనూ మార్చుకుంటాం."

"పరస్పర బదిలీకి సదరు స్థానంలో సదరు పెడల్ రెండేళ్ళ సర్వీసు పూర్తి చేసి ఉండాలి."

"పెడల్‌కి సర్వీసేంది సార్?"

"మీకుంటే దానికుండదా?" ఆయన ఎంతో సానుభూతిగా ముందుకు వంగారు. "చూడండి జెకర్యా గారూ, నేను మీ కళను గౌరవిస్తాను. మీరు విజయవాడలో వేదిక మీద మీటండి. ప్రతిధ్వని టెక్కలిలో వస్తుంది. అది వచ్చినట్టు మా స్థానిక అధికారి ధ్రువీకరణ పత్రం ఇస్తారు. ఆ పత్రాన్ని సభలో చదివిస్తాను."

"జనానికేం వినపడుద్ది సార్?"

"పత్రం వినపడుతుంది కదా. అది మీకు సమ్మతం కాకపోతే, పట్టికలో 'డిలే గిటార్' అని అచ్చయి ఉంది కనుక, ధ్రువీకృత డిలే లేని పక్షంలో ఆ అంశం రద్దవుతుంది. దాని స్థానే దోమల పాట."

రెండు కార్డులు. జెకర్యా ఇంటికొచ్చి గిటారును గోడకు తిప్పి పెట్టాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికాడు. సలోమికి ఉప్పు ప్యాకెట్టు మీది రాతైనా సరే, చేతికి దొరికిన కాగితమల్లా చదివే అలవాటుంది. మండలి పంపిన నలభై పేజీల సర్క్యులరు తీసుకుని, చింతపండు పిసుకుతూ చదివింది. ముప్పై ఆరో పేజీలో ఆగింది.

"ఇయ్యాల్టి దాకా ఇది నువ్వు చదవలా?"

"ఎవరు చదువుతారే దాన్ని?"

"ఇను. 'అనుబంధం రెండు. డిలే అనగా అందిన ధ్వనిని నిర్ణీత వ్యవధి అనంతరం, తగ్గిన స్థాయిలో, ఒకటి లేదా అంతకు మించిన పర్యాయములు పునరుచ్చరించు ఏ ఏర్పాటైనను.' ఏ ఏర్పాటైనా అన్నాడు. రేకుతో చెయ్యాలని రాయలా. కరెంటుండాలని రాయలా."

"అయితే?"

"నీ స్నేహితులు ముగ్గురూ జూబిలీకి వస్తారా, రారా?"

"వస్తారు. దోమల పాటకి."

"వాళ్ళకి చెవులున్నయ్యా? చేతులున్నయ్యా?"

జెకర్యా మెతుకులు కెలకడం ఆపి అన్నం కలుపుకున్నాడు.

జూబిలీకి రెండు రోజుల ముందు విజయవాడ సత్రంలో నలుగురూ కలిశారు. జెకర్యా ఒక ముక్క వాయిస్తే వలీ దాన్ని అంతే అందుకోవాలి, తర్వాత నాగభూషణం ఇంకాస్త మెల్లగా, తర్వాత కూర్మారావు ఇంకా మెల్లగా. చెప్పడానికి బాగుంది. జెకర్యా మొదటి పిలుపు వాయించాడు. వలీ అచ్చు గుద్దినట్టు పలికాడు. నాగభూషణం పలికాడు కానీ చివర ఒక గమకం చేర్చాడు.

"పెద్దాయనా, నువ్వు పెడల్‌వి. పెడల్ సొంత కవిత్వం చెప్పకూడదు" అన్నాడు వలీ.

"నీ మాదిరి జిరాక్సు కొట్టేకి నేనేమన్నా మిషన్ అనుకున్నావా?"

"ఇప్పుడు మిషనే గదా అబ్బా మనం!"

కూర్మారావు ఇంకా వాయించలేదు. "ఏందయ్యా, నీ వంతు!" అన్నాడు జెకర్యా.

"ఆగు బావూ. సందు రావాల. దరువు మీద పడితే నాకు ఒల్లు జలదరిస్తాది."

ఆ రోజు గడిచేలోపు ముగ్గురూ రెండుసార్లు గిటార్లు పెట్టెల్లో పెట్టేసి వెళ్ళిపోబోయారు. ఒకసారి జెకర్యా కూడా వెళ్ళిపోబోయాడు. ఒకాయన ఒక్కసారే పలుకుతానంటాడు, ఒకాయన ఎన్నిసార్లన్నా తగ్గనంటాడు, ఒకాయన సందు దొరికితే గానీ పలకడు. నడిచే డబ్బాలకు నాబులుండవు. చివరికి జెకర్యా చేతులు జోడించి, "మీకు నచ్చినట్టే పలకండి. నేను పిలవడమే మార్చుకుంటా" అన్నాడు. వలీకి వరస మొదట్లో తళతళలాడే ముక్కలిచ్చాడు. నాగభూషణానికి ఒకసారి చెబితే చాలే ముక్కలిచ్చాడు. కూర్మారావు కోసం సందులు వదిలాడు. సాయంత్రానికి అవతలి గట్టు మీద ఎవరో ఉన్నట్టే అనిపించింది.

మర్నాడు ఆ ఏర్పాటుకు తనిఖీ. పరాంకుశం గారు అనుబంధం రెండును మూడుసార్లు చదివారు. తప్పు పట్టడానికి వీల్లేదు, ఆయన రాయించిందే. పైగా ఆయన మొహంలో కోపం కూడా లేదు, కొత్త రకం సీట్లు చూసిన వెలుగుంది.

"నమోదు చేసుకోండి" అన్నారు. వసుంధర గారు ఫారాలు తీసింది. ముగ్గురి చొక్కాల మీద స్టాకు నంబర్ల స్టిక్కర్లు అంటించారు.

"విద్యుత్ వనరు?"

"టీ" అన్నాడు వలీ. "గంటకొకటి."

"నాకు చక్కెర తక్కువ" అన్నాడు నాగభూషణం. అదీ రాసుకున్నారు.

"ఇక ఆఖరి అంశం" అన్నారు పరాంకుశం గారు. "పెడల్ అనగా కాలితో నొక్కి ప్రారంభించవలసినది. అభ్యర్థి నొక్కి చూపించాలి."

నాగభూషణానికి యాభై ఎనిమిదేళ్ళు. జెకర్యా కన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. జెకర్యా చెప్పు విప్పి, కాలు మెల్లగా సాచి, పెద్దాయన పాదం మీద ఆనించాడు. ఆనించిన మరుక్షణం గబుక్కున వంగి ఆ పాదాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు.

"ఈ కళ్ళకద్దుకోవడం దేనికి?" అని అడిగారు పరాంకుశం గారు.

"కాలు తగిలింది గదా సార్."

"ప్రతిసారీ చేస్తారా?"

"ప్రతిసారీ తగులుద్ది గదా సార్."

'నొక్కు విధానం: పాదము, పిదప నమస్కారము' అని వసుంధర గారు రాసుకుంది.

సభ రోజు హాలు నిండిపోయింది. మంత్రులు, మాజీలు, కప్పిన శాలువాలు, ఉపన్యాసాలు. సలోమి మూడో వరసలో అంచు కుర్చీలో కూర్చుంది. డిలే గిటార్ అనగానే నలుగురు గిటార్లతో వచ్చారు. ముగ్గురి రొమ్ముల మీద స్టిక్కర్లు. వాళ్ళ ముందు చిన్న బల్ల, బల్ల మీద మూడు టీ గ్లాసులు.

జెకర్యా వలీ పాదం నొక్కి నమస్కారం పెట్టాడు. నాగభూషణం పాదం నొక్కి నమస్కారం పెట్టాడు. కూర్మారావుకూ అలాగే. ఇదేదో కొత్త సంప్రదాయమనుకుని జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక మొదటి పిలుపు వాయించాడు.

వలీ అందుకున్నాడు, అద్దంలో చూసినట్టు. నాగభూషణం అందుకున్నాడు. ఆయనకు ఎడమ చెవి కాస్త మందం, ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పై స్వరం సరిగా వినపడక ఆ ముక్క అంచుల దగ్గర అరిగి, మసకబారి వచ్చింది. జెకర్యా ఉలిక్కిపడ్డాడు. ఆయన టెక్కలి బీరువాలో పెట్టొచ్చిన మసక అది. తర్వాత ఎక్కడో సందు చూసుకుని, అందరూ ఇక రాదనుకున్నాక, కూర్మారావు పలుకు నీళ్ళ మీద ఆకు వాలినట్టు వచ్చి వాలింది.

రెండో పిలుపు. మూడో పిలుపు. నాలుగు నిమిషాలయ్యాయి. జెకర్యా చివరి ముక్క వాయించి చేతులు తీసేశాడు. పాట ఆగలేదు. పెద్దాయన వాయించినదాన్ని కూర్మారావు పలికాడు, కూర్మారావు పలికినదాన్ని కొత్త పిలుపనుకుని వలీ అందుకున్నాడు, వలీది పెద్దాయన అందుకున్నాడు. డబ్బాలో నాబు పూర్తిగా తిప్పేస్తే ఇలాగే అవుతుంది, తనలో తానే తిరుగుతుంది. ముగ్గురూ కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. ఆపాలంటే పాదం నొక్కాలి. జెకర్యా నొక్కలేదు. పదకొండేళ్ళుగా తను వాయిస్తున్న బాణీని చేతులు ఖాళీగా పెట్టుకుని వినడం ఆయనకదే మొదటిసారి. మూడో వరసలో సలోమి కొంగు నోటికడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు. ముందు వరస శాలువాలన్నీ ఊగడం మొదలెట్టాయి.

పదకొండు నిమిషాలయ్యాక వసుంధర గారు వేదిక మీదికొచ్చి టీ గ్లాసులు మూడూ తీసేసింది. అప్పుడు ఆగింది. హాలు లేచి నిలబడింది.

మర్నాడు పొద్దున్నే ఉత్తర్వు వచ్చింది. 'వేదికపై పనితీరు నూటికి నూరు శాతం సంతృప్తికరముగా ధ్రువీకరింపబడినందున, సదరు మువ్వురు గిటారిస్టుల పోస్టులు రద్దు చేసి, వారిని డిలే పెడళ్ళుగా శాశ్వత ప్రాతిపదికన పునర్నియమించడమైనది.'

జెకర్యా దాన్ని రెండుసార్లు చదివాడు. తన నాలుగు నిమిషాల కోసం ముగ్గురి ఉద్యోగాలు పోయాయి! సత్రానికి పరుగెత్తాడు. నాగభూషణం ఉత్తర్వును కళ్ళకద్దుకుంటున్నాడు.

"పెద్దాయనా, నన్ను క్షమించు..."

"ఏంటికప్పా? గిటారిస్టుగా అయితే వచ్చే నెల్లో నాకు రిటైర్మెంటు. పెడల్‌కి రిటైర్మెంటు యాడుంది? రూల్సంతా చూసినా. చెడిపోయేదాకా సర్వీసే!"

ఈ ముక్క మండలిలో మధ్యాహ్నానికల్లా పాకింది. తబలా ఆయన పెడల్ అవుతానని అర్జీ పెట్టాడు. వ్యాను డ్రైవర్లిద్దరు పెట్టారు. సాయంత్రానికి నలభై ఒక్క అర్జీలు. అర్జీదారు డిలేగా పనికొస్తాడో లేదో తేల్చేది 'వినియోగదారు గిటారిస్టు' అని అనుబంధం మూడులో ఉంది. మండలిలో ఇక మిగిలిన గిటారిస్టు జెకర్యా ఒక్కడే. ఆయనకు ఒక గది, ఒక బల్ల, ఒక రబ్బరు స్టాంపు ఇచ్చారు. పక్కన వసుంధర గారిని కూర్చోబెట్టారు, ఆ గదిలో ఎవరేమన్నా రాసి పెట్టమని.

నలభై రెండో అర్జీ పట్టుకుని పరాంకుశం గారే వచ్చారు. తలుపు దగ్గరికి వేసి, కుర్చీ అంచున కూర్చున్నారు.

"నాకు కూడా వచ్చే నెల ముప్పై ఒకటిన పదవీ విరమణ, జెకర్యా గారూ."

"మీకు గిటారు రాదు గదా సార్?"

"వాద్యం తెలిసి ఉండాలని అనుబంధంలో లేదు. అందిన దానిని వ్యవధి అనంతరం, తగ్గిన స్థాయిలో పునరుచ్చరించడమే. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను చేసింది వేరే ఏముంది చెప్పండి?" ఆయన గొంతులో నిజంగానే దిగులుంది.

జెకర్యా చెప్పు విప్పాడు, బల్ల కింద ఆయన పాదం మీద కాలు ఆనించాడు, వంగి కళ్ళకద్దుకున్నాడు.

"సరే సార్. నేనొక మాట అంటా. కాస్త ఆగి, తగ్గించి తగ్గించి, మూడుసార్లనాల. తప్పితే పోయినట్టే."

"అనండి."

"టెక్కలి బీరువాలో ఉన్న జెకర్యా పాత పెడల్‌ని రేపటిలోగా జెకర్యాకి ఇచ్చెయ్యాల."

పరాంకుశం గారు ఊపిరి బిగబట్టి, వ్యవధి లెక్కపెట్టుకుని, అన్నారు. "టెక్కలి బీరువాలో ఉన్న జెకర్యా పాత పెడల్‌ని రేపటిలోగా జెకర్యాకి ఇచ్చెయ్యాల." ఇంకాస్త తగ్గించి మళ్ళీ అన్నారు. మూడోసారి పెదవులు మాత్రమే కదిలాయి. నుదుట చెమట పట్టింది. చాలా చక్కగా అరిగింది.

వసుంధర గారి కలం మూడుసార్లూ కదిలింది. ఆవిడ కాగితం తిప్పి ఆయన ముందు పెట్టింది. "కార్యదర్శి గారి మౌఖిక ఉత్తర్వు, మూడు పర్యాయములు అని రాశాను. నేటి తేదీ వెయ్యనా సార్?"

పరాంకుశం గారు జెకర్యా కాలి వైపు చూశారు. కాలు ఇంకా పాదం మీదే ఉంది. "నేటి తేదీ వెయ్యనా సార్" అన్నారు.

ఆవిడ వేసింది. "సంతకం పెట్టండి సార్."

"సంతకం పెట్టండి సార్" అన్నారు పరాంకుశం గారు ఇంకా సన్నగా, పెడుతూ.